డ్రైవరు విరామం: రూటు ప్లానులో సమయంతో పాటు చోటు కూడా

విజయవాడ పక్కన గొల్లపూడిలో ఉన్న ఒక గోడౌను నుంచి గుంటూరు, తెనాలి వైపు కిరాణా సరుకు వెళ్ళే బండ్లకు రూటు ప్లాను వేయడం నా పని. సాఫ్ట్‌వేర్‌తో ప్లాను వేయడం మొదలుపెట్టిన తొలి వారంలోనే ఒక పెద్దవయసు డ్రైవరు ట్రిప్ షీటు తెచ్చి నా బల్ల మీద పెట్టి, ఒక వరుస మీద వేలు ఉంచాడు. ఆ వరుసలో ‘విరామం, 11:50 నుంచి 12:20 వరకు’ అని ఉంది. దాని పై వరుసలో బెంజ్ సర్కిల్ దగ్గరి దుకాణం, కింది వరుసలో మంగళగిరి దుకాణం ఉన్నాయి. మొదటి దుకాణంలో సరుకు దింపడం 11:40కి పూర్తవుతుంది కాబట్టి 11:50కి బండి ఎక్కడ ఉంటుందో ఆయనకు నాకంటే బాగా తెలుసు. అది కృష్ణా నది మీద, కనకదుర్గ వారధి పైన ఉంటుంది. “వారధి మీద బండి ఆపి అన్నం తినమంటారా సార్?” అని ఆయన అడిగాడు. కాగితంలో రాసింది తప్పితే మాట వస్తుందేమోనన్న భయంతోనే అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు.

లోపం ఎక్కడుందో చూస్తే, సాఫ్ట్‌వేర్ నేను అడిగిందే చేసింది. విరామం ఎన్ని గంటల మధ్య మొదలవ్వాలో, ఎంతసేపు ఉండాలో మాత్రమే నేను చెప్పాను. ఎక్కడ అన్నది చెప్పలేదు. రూటు ప్లాను వేసే సాఫ్ట్‌వేర్లలో ఉచితంగా దొరికే వ్రూమ్‌లో గానీ, గూగుల్ వారి ఓఆర్-టూల్స్‌లో గానీ విరామానికి సమయం, నిడివి ఉంటాయే తప్ప చోటు ఉండదు. రెండు స్టాపుల మధ్య ప్రయాణంలో ఎక్కడ వీలైతే అక్కడ సాల్వర్, అంటే ప్లాను లెక్క తేల్చే ప్రోగ్రాము, ఆ అరగంటను ఇరికిస్తుంది. లెక్క సరిపోతుంది, కానీ మనిషికి కూర్చోవడానికి చోటుండదు. అందుకే విరామాన్ని కూడా దుకాణం లాగే బండి చేరవలసిన ఒక స్టాపుగా చూడాలని, దానికి అక్షాంశ రేఖాంశాలు, సమయం, బండి పట్టే స్థలం అన్నీ ఉండాలని అప్పటి నుంచి నియమంగా పెట్టుకున్నాను. ఆ పని ఏ వరుసలో చేస్తే కుదురుతుందో ఇక్కడ చెబుతున్నాను.

ముందు తేల్చుకోవలసింది ఏ గడియారం అన్నది

విరామం నియమాలన్నీ ‘ఇంతసేపటి తర్వాత ఆగాలి’ అనే రూపంలోనే ఉంటాయి. ఆ ‘ఇంతసేపు’ దేనితో కొలుస్తారన్నది మాత్రం దేశానికొక తీరుగా ఉంటుంది. మన దేశంలో 2025 దాకా ఉన్న మోటారు రవాణా కార్మికుల చట్టం, 1961 ప్రకారం కార్మికుడు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయకూడదు. దూర ప్రయాణపు రూట్లలో అనుమతి తీసుకుంటే అవి 10 గంటలు, 54 గంటలు అవుతాయి. ఎడతెగకుండా 5 గంటలు మించి పని ఉండకూడదు, ఆ లోపు కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలి. విరామాలతో కలిపి డ్యూటీ మొత్తం 12 గంటల పరిధి దాటకూడదు. ఒక రోజు డ్యూటీ దిగాక మళ్ళీ ఎక్కేందుకు మధ్యలో వరుసగా 9 గంటలైనా ఉండాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 91వ సెక్షన్ కూడా డ్రైవర్ల పనిగంటలకు ఈ హద్దులనే చూపించింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లతో ఈ 1961 చట్టం వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కలిసిపోయింది. ఆ కోడ్ రోజుకు 8 గంటల హద్దును నిలిపి, మధ్య విరామాల వివరాలను ప్రభుత్వాలు ఇచ్చే నోటిఫికేషన్లకు వదిలింది. కాబట్టి 5 గంటలు, 30 నిమిషాలు వంటి అంకెలను ప్రోగ్రాములో పాతేయకుండా, సులువుగా మార్చుకోగల సెట్టింగుల్లో ఉంచుకోవడం మంచిది. ఈ వ్యాసంలోని లెక్కలన్నీ ఆ 5 గంటలు, అరగంటల మీదే వేశాను.

ఇక్కడ గట్టిగా పట్టుకోవలసిన మాట ‘పని’. మన చట్టం లెక్కపెట్టింది స్టీరింగు పట్టుకున్న సమయం ఒక్కటే కాదు. పొద్దున గోడౌనులో లోడు సరిచూసుకోవడం, బిల్లులు తీసుకోవడం, దుకాణం ముందు సరుకు దింపించడం అన్నీ పనిగంటల్లోకే వస్తాయి. టెర్మినల్ దగ్గర 15 నిమిషాల లోపు ఊరికే వేచి ఉన్నా అది పని కిందికే వస్తుందని ఆ చట్టం నిర్వచనం చెబుతుంది. యూరోపియన్ యూనియన్‌లో 561/2006 నిబంధన వేరు. అక్కడ నాలుగున్నర గంటల డ్రైవింగ్ తర్వాత 45 నిమిషాల విరామం కావాలి. దాన్ని ముందు 15, తర్వాత 30 నిమిషాలుగా విడగొట్టుకోవచ్చు గానీ ముందు 30, తర్వాత 15 అంటే చెల్లదు. అమెరికాలో సరుకు బండ్లు నడిపేవారు 8 గంటల డ్రైవింగ్ తర్వాత 30 నిమిషాలు ఆగాలి. దానికి తోడు డ్యూటీ ఎక్కిన దగ్గర నుంచి 14 గంటల గడువు ఒకటి నడుస్తూ ఉంటుంది, భోజనానికి ఆగినంత మాత్రాన అది ఆగదు. హైదరాబాదులో కూర్చుని ఆ దేశాల కంపెనీలకు ఈ సాఫ్ట్‌వేర్ రాసే మనవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు కోడు రాయడానికి ముందే ఈ తేడాను కాగితం మీద రాసుకోవాలి.

సాఫ్ట్‌వేర్లలో కూడా ఈ రెండు గడియారాలూ ఉన్నాయి. గ్రాఫ్‌హాపర్ అనే రూటు ప్లాను సాఫ్ట్‌వేర్‌లో గరిష్ఠ డ్రైవింగ్ సమయం ఇచ్చే పద్ధతి ఉంది. అది యూరప్ నియమానికి సరిపోతుంది. గూగుల్ వారి మరో రూటు ప్లాను సేవ అయిన రూట్ ఆప్టిమైజేషన్ ఏపీఐలో రెండు విరామాల మధ్య ఎంతకు మించి ఎడం ఉండకూడదో చెప్పవచ్చు. అందులో డ్రైవింగ్, అన్‌లోడింగ్ అన్నీ కలిసే నడుస్తాయి కాబట్టి మన 5 గంటల నియమానికి అదే దగ్గర. పేరులో ‘బ్రేక్’ అని ఉందికదా అని మొదట కనపడిన గడిలో 5 గంటలు నింపేస్తే, దుకాణాల దగ్గర గడిచే గంటలన్నీ లెక్కలోంచి జారిపోతాయి. ఊరి డెలివరీల్లో బండి నడిచే సమయం కంటే ఆగి ఉండే సమయమే ఎక్కువ కాబట్టి, పొద్దున ఏడింటికి డ్యూటీ ఎక్కిన మనిషికి మధ్యాహ్నం రెండు దాటినా విరామం రాకుండా పోతుంది. ప్లానులో మాత్రం తప్పేమీ కనపడదు.

విరామపు విండో లెక్క

ఒకే విరామం ఉన్న 8 గంటల షిఫ్టుకు చిన్న లెక్క ఉంది, దీన్ని చేత్తోనే వేసుకోవచ్చు. విరామానికి ముందు పని 5 గంటలు మించకూడదు, తర్వాత పని కూడా 5 గంటలు మించకూడదు. రెండు ముక్కలూ కలిపి 8 కాబట్టి మొదటి ముక్క 3 గంటలకు తగ్గకూడదు. అంటే 7 గంటలకు డ్యూటీ ఎక్కినవారి విరామం 10కీ 12కీ మధ్య మొదలవ్వాలి; ఈ వ్యవధినే విండో అంటారు. వ్రూమ్‌లో సమయం సెకన్లలో ఇస్తారు. అర్ధరాత్రి నుంచి లెక్కిస్తే 10 గంటలు 36000, 12 గంటలు 43200, అరగంట 1800. వ్రూమ్‌లో ఆ విండో విరామం మొదలయ్యే క్షణానికి వర్తిస్తుంది, పూర్తయ్యే క్షణానికి కాదు. మీరు వాడే సాఫ్ట్‌వేర్‌లో ఏది వర్తిస్తుందో ఒక చిన్న ప్లాను వేసి చూడండి, ఎందుకంటే ఈ ఒక్క తేడాతో అరగంట అటూ ఇటూ అవుతుంది.

మేనేజర్లు సాధారణంగా భోజనం ఒంటిగంటకు అంటారు. 7 గంటలకు ఎక్కినవారికి ఒకే విరామంతో ఒంటిగంట భోజనం నియమానికి కుదరదు. 8 గంటలకు రిపోర్టు చేయమంటే విండో 11కీ ఒంటిగంటకీ మధ్యకు జరుగుతుంది, అన్నం వేళకు విరామం కలుస్తుంది. దుకాణాల షట్టర్లు తెరిచేదే తొమ్మిదింటికైతే 7 గంటలకు రమ్మనడంలో అర్థమేముందో కూడా అప్పుడే ఆలోచనలోకి వస్తుంది. మా దగ్గర గుంటూరు బండ్లలో సగానికి ఇలాగే గంట జరిపాం. పదిహేను నిమిషాల టీ విరామం ఇస్తున్నాం కదా అనేవారు ఒకటి గమనించాలి: టీకి ఆగడం అవసరమే, కానీ అరగంటకు తక్కువైన విరామంతో 5 గంటల గడియారం మళ్ళీ సున్నాకు రాదు.

చివరి హద్దును ఉన్నదున్నట్టు సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వవద్దు. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ ఆధారంగా ఓఎస్ఆర్ఎం అనే దారి లెక్కల సాఫ్ట్‌వేర్ ఇచ్చే ప్రయాణ సమయాలు కారు లెక్కన ఉంటే, లోడు ఉన్న బండికి అవి చాలవు. ముందు మీ బండ్ల జీపీఎస్ రికార్డుతో పోల్చి సమయాలను పెంచుకోవాలి, ఆ తర్వాత కూడా విరామం చివరి హద్దును 20 నిమిషాలు ముందుకు జరపాలి. 12:00 అన్నది చట్టం హద్దైతే సాఫ్ట్‌వేర్‌కు నేను 11:40 ఇస్తాను.

ఆగే చోట్ల జాబితా

ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టేదీ, ఎక్కువ ఫలితం ఇచ్చేదీ ఇదే. బల్ల ముందు కూర్చుని మ్యాపులో హోటళ్ళు వెతికితే ఈ జాబితా తయారుకాదు. నేను మొదట అలాగే చేశాను. మ్యాపులో చక్కగా కనపడిన పదకొండు చోట్లలో ఆరింటి ముందు 14 అడుగుల బండి నిలిపే జాగా లేదు. తర్వాత ఒక్కొక్క డ్రైవరు దగ్గర కూర్చుని, ‘మీరు సొంతంగా ఎక్కడ ఆగుతారు, ఎందుకు ఆగుతారు’ అని అడిగి రాసుకున్నాను. నేనెన్నడూ ఊహించని కారణాలు అప్పుడు తెలిశాయి.

ఆటోనగర్ దగ్గర ఒక మెస్సు ఉంది. రుచి సంగతి పక్కన పెడితే, మా డ్రైవర్లు అక్కడే ఎందుకు ఆగుతారో నేను వెళ్ళి చూస్తే గానీ అర్థం కాలేదు. ముందు గేటులోంచి బండి లోపలికి పోయి, రివర్సు తీయకుండానే పక్క సందులోంచి బయటికి రావచ్చు. బండి వేపచెట్టు నీడలో నిలుస్తుంది, మే నెలలో విజయవాడ ఎండకు అరగంట సేపు కాలిన క్యాబిన్‌లోకి మళ్ళీ ఎక్కడమంటే ఏమిటో నడిపేవాళ్ళకే తెలుసు. కుళాయి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కోవచ్చు. అన్నిటికీ మించి, తినేందుకు కూర్చునే బెంచీ నుంచి బండి వెనక తలుపు తాళం కనపడుతుంది. సరుకు పోతే తన జీతంలో కోత పడుతుందన్న భయం ఉన్న మనిషి తాళం కనపడని చోట కూర్చుని ముద్ద మింగలేడు. అందుకే మా జాబితాలో ‘కూర్చున్న చోటు నుంచి బండి కనపడుతుందా’ అని ఒక గడి ఉంది. ఏ సాఫ్ట్‌వేర్ మాన్యువల్‌లోనూ నాకు ఆ గడి కనపడలేదు.

ఆ జాబితాలో ఇంకా రాసుకోవలసినవి: ఎంత పొడవు బండి వరకు పడుతుంది, ఎన్ని బండ్లు ఒకేసారి నిలవగలవు, ఏ వేళల్లో తెరిచి ఉంటుంది, మరుగుదొడ్డి ఉందా, వాన పడితే నేల బురదవుతుందా, రోడ్డుకు ఏ పక్క ఉంది. చివరిది మరీ ముఖ్యం. 16వ నంబరు, 65వ నంబరు జాతీయ రహదారుల వంటి డివైడరు రోడ్ల మీద ఎదురు పక్కన ఉన్న హోటలు వంద మీటర్ల దూరమే కనపడినా, అక్కడికి చేరాలంటే ముందున్న యూటర్ను వరకు పోయి వెనక్కి రావాలి. పిన్ను డివైడరుకు దగ్గరగా పెడితే సాఫ్ట్‌వేర్ దాన్ని తప్పు పక్కకు అంటించి, దూరాన్ని తక్కువగానో ఎక్కువగానో చూపిస్తుంది. అందువల్ల పిన్నును హోటలు భవనం మీద కాకుండా, బండి లోపలికి తిరిగే సర్వీసు రోడ్డు మొదట్లో పెట్టాలి. రెండు పక్కలా ఆగే చోట్లుంటే వాటిని రెండు వేరు చోట్లుగానే రాసుకోవాలి. హైదరాబాదు చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు మీద బండి ఆపడమే నిషేధం కాబట్టి ఆ రోడ్డు మీద ఒక్క పిన్ను కూడా ఉండకూడదు. దాని ఎగ్జిట్లు దిగాక ఉన్న చోట్లనే జాబితాలోకి తీసుకోవాలి.

అక్షాంశ రేఖాంశాల వరుస కూడా చూసుకోండి. వ్రూమ్‌కు ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం ఇవ్వాలి. మన ఫోన్లలో కాపీ చేస్తే ముందు అక్షాంశమే వస్తుంది. విజయవాడకు 16.5, 80.6 అన్నది తిరగబడితే ఆ చోటు ఆర్కిటిక్ సముద్రంలో స్వాల్‌బార్డ్ దీవుల దగ్గర తేలుతుంది. అంత దూరం పోయిన తప్పు వెంటనే కనపడుతుంది కాబట్టి దాని వల్ల నష్టం లేదు. రోడ్డుకు అవతలి పక్క పడిన పిన్ను మాత్రం నెలల తరబడి దొరకదు.

సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడం

చోటుతో కూడిన విరామాన్ని రెండు విధాలుగా ఎక్కించవచ్చు. చిన్న డిపోలకు రెండు విడతల పద్ధతి చాలు, నేను వాడేది కూడా అదే. మొదటి విడతలో విరామాన్ని చోటు లేకుండా, సమయపు విండోతో మాత్రమే ఇచ్చి ప్లాను వేయిస్తాను. ఒక్కో బండి విరామం వేళకు ఏ రెండు స్టాపుల మధ్య ఉందో దాన్నిబట్టి తెలుస్తుంది. ఆ రెండు స్టాపులకు దగ్గరగా, ఆ బండి పొడవుకు సరిపోయే చోట్లను జాబితాలోంచి తీసి, అదనపు దూరం తక్కువైన ఒకటిని ఎంచుకుంటాను. రెండో విడతలో ఆ చోటును మామూలు డెలివరీ లాగే ఒక పనిగా చేర్చి, 1800 సెకన్ల సర్వీసు సమయం (స్టాపు దగ్గర ఆగే సమయం), అదే విండో ఇస్తాను. వేరే బండి దాన్ని తీసుకోకుండా ఏ పని ఏ బండి చేయగలదో చెప్పే ఒక ప్రత్యేక స్కిల్ నంబరును ఆ బండికీ, ఆ పనికీ మాత్రమే తగిలిస్తాను. దానికి అత్యధిక ప్రాధాన్యం ఇచ్చి, చోటు లేని పాత విరామాన్ని తీసేసి, మళ్ళీ ప్లాను వేయిస్తాను. ఈ విడతలో దుకాణాల వరుస కూడా మారవచ్చు, మారనివ్వాలి.

వారధి మీద విరామం పడిన ఆ రూటునే ఈ పద్ధతిలో మళ్ళీ వేస్తే, సాల్వర్ బండిని బెంజ్ సర్కిల్ దుకాణానికి ముందే ఆటోనగర్‌కు తీసుకెళ్ళింది. 11:05 నుంచి 11:35 వరకు అక్కడ విరామం, ఆ తర్వాత బెంజ్ సర్కిల్ దుకాణం, ఆపైన వారధి దాటి మంగళగిరి. నాలుగైదు కిలోమీటర్లు పెరిగాయి. మా మేనేజరు ఆ పెరుగుదలను చూపించి పాత ప్లానే చవక కదా అన్నారు. పాత ప్లానులోని ఆ తక్కువ ఖర్చు కాగితం మీదే ఉండేదని, రోడ్డు మీద డ్రైవరు ఆ అరగంటను మానేసో, ఎక్కడో దొంగతనంగా ఆగో పూడ్చుకునేవాడని జీపీఎస్ రికార్డు చూపించాక ఆయన ఒప్పుకున్నారు.

బండ్లు ఎక్కువై చేతితో ఎంచుకోవడం కుదరనప్పుడు రెండో విధానం మేలు. ఓఆర్-టూల్స్‌లో ఒక్కో బండికి నాలుగైదు విరామపు చోట్లను నోడ్లుగా (బండి వెళ్ళగల స్టాపులుగా) చేర్చి, వాటిలో సరిగ్గా ఒకటే తీసుకోవాలని డిస్‌జంక్షన్ అనే షరతు పెట్టి, ఆ నోడ్లను ఆ బండికే పరిమితం చేయాలి. అప్పుడు చోటును సాల్వరే ఎంచుకుంటుంది. ఇందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది, ఆ రోజు ఆర్డర్లు లేక డిపోలోనే ఉండిపోవలసిన బండి కూడా విరామపు నోడును చేరుకోవడానికే బయలుదేరుతుంది. బండి వాడకంలో ఉంటేనే దాని విరామం అమలయ్యేలా రెండిటినీ ముడివేయాలి. రెండోది, నోడ్లు పెరిగేకొద్దీ సాల్వర్‌కు సమయం ఎక్కువ కావాలి. ఇరవై బండ్లకు ఐదేసి చోట్లంటే వంద నోడ్లు అదనం. అందుకని ఒక్కో బండి తిరిగే ప్రాంతంలోని చోట్లనే దానికివ్వాలి. చోటు లేని విరామాన్నే ఓఆర్-టూల్స్‌లో వాడదలచుకుంటే, ప్రతి స్టాపు దగ్గర పట్టే సర్వీసు సమయాల పట్టికను దానికి తప్పకుండా ఇవ్వాలి. అది సరిగా ఇవ్వకపోతే, సరుకు సగం దింపిన దశలో విరామం మొదలైనట్టు ప్లాను వస్తుంది.

మందులు, ఐస్‌క్రీము వంటి సరుకైతే వ్రూమ్‌లో ఒక మంచి వీలుంది. బండిలో లోడు ఫలానా హద్దుకు తగ్గాకే విరామం ఇవ్వాలని విరామానికే గరిష్ఠ లోడు పెట్టవచ్చు. నిండు బండిని వదిలి కూర్చోవడం కష్టమైన చోట ఇది అక్కరకొస్తుంది. అయితే ఆ హద్దు వల్ల విరామం 5 గంటల గీత దాటే పరిస్థితి వస్తే, లోడు హద్దునే సడలించాలి.

ఏది కఠినంగా ఉండాలి, ఏది పెనాల్టీతో (తప్పితే ప్లాను లెక్కలో అదనపు ఖర్చు వేయడంతో) సరిపెట్టాలి అన్నది కూడా ముందే నిర్ణయించుకోండి. చట్టం చెప్పిన హద్దు కఠినమైనదే; అది కుదరకపోతే ఒక దుకాణం ఆ రోజుకు ప్లానులోకి రాకుండా మిగిలిపోవాలి, మనం ఆ దుకాణానికి ఫోను చేసి చెప్పుకోవాలి. అన్నం వేళ, ఇష్టమైన మెస్సు వంటివి పెనాల్టీతో చాలు. ఈ ఇష్టాలను బండికి కాకుండా డ్రైవరుకు ముడివేయాలి. షుగరు ఉన్నవారు ఆలస్యంగా తినలేరు. రంజాన్ నెలలో ఉపవాసం ఉన్న డ్రైవరుకు మధ్యాహ్నం విశ్రాంతితో పాటు, సాయంత్రం ట్రిప్పు ఉంటే సూర్యాస్తమయం వేళకు ఇఫ్తార్ విరామం కావాలి; ఆ వేళ రోజూ కొద్దికొద్దిగా జరుగుతుంది కాబట్టి పట్టిక చేసుకోవాలి.

రోడ్డు మీద ఆలస్యమైనప్పుడు

పొద్దున వేసిన ప్లాను మధ్యాహ్నానికి నిలవదు. మధ్యలో మళ్ళీ ప్లాను వేసేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది, నేనూ చేశాను. 7 గంటలకు డ్యూటీ ఎక్కిన డ్రైవరు బండికి 10:40కి టైరు పంక్చరైంది. 11:15కి మిగిలిన దుకాణాలతో కొత్త ప్లాను వేయించాను. సాఫ్ట్‌వేర్‌కు ఆ బండి 11:15కి కొత్తగా డ్యూటీ ఎక్కినట్టే కనపడింది, ఐదు గంటల గడియారం మళ్ళీ మొదలైంది, విరామాన్ని సాయంత్రం నాలుగు దాకా తోసేయవచ్చనుకుంది. అప్పటికే ఆ మనిషి నాలుగుంపావు గంటలు పని చేసి ఉన్నాడు, అందులో చివరి అరగంట ఎండలో జాకీ తిప్పుతూ గడిపాడు. కొత్త ప్లానులో కూడా విరామం చివరి హద్దు పొద్దునటిదే ఉండాలి. గ్రాఫ్‌హాపర్‌లో అప్పటికే నడిపిన సమయాన్ని ఇచ్చే గడి ఉంది. అది లేనిచోట విండోను మీరే కుదించి ఇవ్వాలి. విరామం అప్పటికే తీసుకుని ఉంటే కొత్త ప్లానులోంచి దాన్ని తీసేయడం కూడా మరవకూడదు.

దుకాణం ముందు క్యూలో గడిపిన అరగంటను విరామంగా లెక్కేద్దామని చాలామందికి అనిపిస్తుంది. ముందు బండి కదిలినప్పుడల్లా తన బండిని కదపవలసిన మనిషి విశ్రాంతిలో ఉన్నట్టు కాదు. సమయం ఎంతో ముందే తెలిసి, బండి తాళం వేసి దిగిపోయే వీలున్నప్పుడు మాత్రమే నేను వేచి ఉండే సమయాన్ని విరామంతో కలుపుతాను.

దూర ప్రయాణాలు

హైదరాబాదు నుంచి విజయవాడకు 65వ నంబరు రహదారి మీద సుమారు 270 కిలోమీటర్లు. లోడు లారీ సగటున గంటకు 40 కిలోమీటర్లు పోతుందనుకుందాం. డ్రైవింగ్ ఒక్కటే లెక్కేస్తే 5 గంటల్లో 200 కిలోమీటర్లు, అంటే కోదాడ దాటాక ఆగినా తప్పు లేనట్టు కనపడుతుంది. గోడౌనులో లోడింగు దగ్గర గడిచిన గంటను కలిపితే మిగిలేది 4 గంటలు, 160 కిలోమీటర్లు. అప్పుడు కోదాడ అందదు, సూర్యాపేటలోనే ఆగాలి. సూర్యాపేట దాదాపు సగం దూరంలో ఉంది కాబట్టి తర్వాతి ముక్క కూడా సుఖంగా ఉంటుంది, మొత్తం పని 8 గంటల లోపే తేలుతుంది. బస్సులూ కార్లూ ఎన్నో ఏళ్ళుగా అక్కడే ఆగే అలవాటుకు, ఈ లెక్కకు పొత్తు కుదిరింది.

హైదరాబాదు నుంచి విశాఖపట్నం వరకైతే 600 కిలోమీటర్లు దాటుతుంది, అదే వేగంతో 15 గంటలకు పైమాటే. అనుమతితో వచ్చే 10 గంటలకు కూడా అది లొంగదు. ఒక్కడే డ్రైవరైతే మధ్యలో 9 గంటల విశ్రాంతిని రాత్రి బసగా ప్లానులో పెట్టాలి, లేదా ఇద్దరిని పంపాలి. ఆ బస వేళను ఎంచుకునేటప్పుడు అర్ధరాత్రి రెండు నుంచి తెల్లవారుజాము ఐదు వరకు బండి నిలిచి ఉండేలా చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులు ఆ వేళల్లోనే రహదారుల మీద లారీలు ఆపి, డ్రైవర్ల చేత ముఖం కడిగించి పంపుతుంటారు. నిద్ర ముంచుకొచ్చే వేళ ఏదో వాళ్ళకు ప్రమాదాలు చూసి తెలుసు. రాత్రి బసకు పెట్టే చోట పడుకునే జాగా, వెలుతురు, కాపలా ఉండాలి. భోజనపు చోట్ల జాబితాను దీనికి వాడకూడదు, వేరే జాబితా రాసుకోవాలి.

ట్రిప్ షీటు మీద ఎలా కనపడాలి

ప్లాను ఎంత బాగా వేసినా డ్రైవరు చేతికి వెళ్ళేది ఒక కాగితమో, ఫోనులో ఒక తెరో మాత్రమే. మా షీటులో విరామపు వరుస దుకాణాల వరుసల్లాగే ఉంటుంది: చోటు పేరు తెలుగులో, రోడ్డుకు ఏ పక్క, ‘11:40 లోపు ఆగాలి’ అన్న మాట, దాని కింద రెండో చోటు పేరు. మొదటి చోట జాగా లేకపోతే మమ్మల్ని అడగకుండానే రెండోచోటికి పోవచ్చని డ్రైవర్లందరికీ చెప్పాం. విరామం 30 నిమిషాలు పూర్తి కాకముందే తర్వాతి దుకాణం వాళ్ళు ఫోను చేస్తే ఆ ఫోను మా డిపోకు మళ్ళుతుంది, డ్రైవరుకు వెళ్ళదు.

నెలకొకసారి జీపీఎస్ రికార్డు తీసి, ప్లానులో చెప్పిన చోటుకూ బండి నిజంగా ఆగిన చోటుకూ తేడా చూస్తాను. ఒకే చోటును ముగ్గురు డ్రైవర్లు వదిలేస్తే కారణం అడుగుతాను. పోయిన వానాకాలంలో తెనాలి రోడ్డు మీద ఒక ధాబాను అలాగే జాబితాలోంచి తీసేశాం. ముందున్న ఖాళీ జాగాలో నీళ్ళు నిలిచి, లోడు బండి చక్రాలు దిగబడుతున్నాయట. సంక్రాంతి దాటాక నేల ఆరిందని డ్రైవర్లే చెప్పారు, మళ్ళీ చేర్చాం.